పిల్లలు పడుకునే అర్రలో పొగ

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా పిల్లల దమ్ము గురించి మాట వచ్చినప్పుడల్లా రెండు వాదాలు ఎదురవుతాయి. వంటింటి పొగ పాత కథ, గ్యాస్ వచ్చాక అది తీరిపోయింది, ఇప్పుడు చూడాల్సింది రామగుండం బూడిదను, గ్రానైట్ క్వారీల దుమ్మును అనేది ఒకటి. గ్యాస్ ఇంట్లోకి వచ్చింది గాని పొగ ఇంట్లోంచి పోలేదనేది రెండోది. ఆ రెండింటినీ ఇక్కడ ఇద్దరి నోట వినిపిస్తున్నాను. మొదటి వాదం కరీంనగర్‌లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన సారుది. రెండోది ఉట్నూర్ వైపు పనిచేసే పిల్లల డాక్టరమ్మది. మనుషులిద్దరూ కల్పితం, వారు చెప్పే లెక్కలు కావు. నా మొగ్గు డాక్టరమ్మ వైపే, దాచను. అయినా సారు ప్రశ్నలు గట్టివి. వాటిని పలుచన చేసి జవాబు చెబితే ఈ వాదానికి విలువే ఉండదు.

సారు: డాక్టరమ్మా, మీరు పొగ అనగానే నాకు ముందు తట్టేది ఇన్నేళ్లలో వచ్చిన మార్పు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద మహిళా సంఘాల వారికి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016 మే 1న కేంద్రం ఉజ్వల మొదలుపెట్టింది. 2024 ఫిబ్రవరిలో మన రాష్ట్రం మహాలక్ష్మి కింద 500 రూపాయలకే సిలిండర్ అంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, తెలంగాణలో నూటికి 90కి పైగా ఇళ్లు శుభ్రమైన ఇంధనంతో వండుకుంటున్నాయి. దేశం సగటు అప్పటికి 60 కూడా దాటలేదు. ఇంత జరిగాక కూడా బిడ్డకు దమ్ము వస్తే తల్లి పొయ్యి వైపే వేలు చూపిస్తున్నాం. అటు రామగుండంలో 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం నడుస్తోంది. గోదావరిఖని చుట్టూ ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలను గ్రానైట్ కోసం కోస్తున్నారు. పెద్దవాళ్లు చేసే దుమ్మును వదిలి, పేదింటి పొయ్యిని పట్టుకోవడం నాకు న్యాయంగా కనిపించడం లేదు.

డాక్టరమ్మ: బయటి దుమ్మును వదలమని నేను అనను సార్. దాని మీద కొట్లాడాల్సిందే. కానీ మీరు చెప్పిన 90 ఏ ప్రశ్నకు జవాబో చూడండి. ఇంట్లో ముఖ్యంగా దేనితో వండుతారని సర్వేవాళ్లు అడుగుతారు. ఇంటివాళ్లు ఒక జవాబే చెబుతారు. కానీ మన పల్లెల్లో ఇంటికి ఒక సిలిండర్, రెండు పొయ్యిలు. పొద్దున చాయ్, కూర గ్యాస్ మీద. స్నానానికి నీళ్లు, పశువుల దాణా కట్టెల పొయ్యి మీద. ఆదిలాబాద్ వైపు జొన్న రొట్టె, గట్క కూడా చాలా ఇళ్లలో కట్టెల మీదే. పత్తి ఏరడం అయిపోయాక చేన్లో పత్తికట్టె మిగులుతుంది, కంది కోస్తే కందికట్టె మిగులుతుంది. పైసా పెట్టకుండా దొరికే ఆ కట్టెను పక్కన పెట్టి ఎప్పుడూ గ్యాసే వెలిగించమంటే కూలి మీద బతికే ఇల్లు ఎట్లా వెలిగిస్తుంది? మహాలక్ష్మిని తప్పు పట్టను, మంచి పథకం. కానీ ముందు మొత్తం ధర కట్టాలి, మిగతా సొమ్ము తరువాత ఖాతాలో పడుతుంది. పైగా ఎన్ని సిలిండర్లకు రాయితీ అన్నది ఆ ఇల్లు అంతకుముందు మూడేళ్లలో సగటున ఎన్ని వాడిందో చూసి కట్టారు. ధర భరించలేక ఏడాదికి రెండు మూడు తీసుకున్న ఇంటికి రాయితీ కూడా ఆ రెండు మూడింటికే. కట్టెల పొయ్యి మానాల్సిన ఇల్లు ఏదో, సాయం తక్కువ అందేది సరిగ్గా ఆ ఇంటికే.

ఇక పొగ ఎంతుందో ఊహించనక్కరలేదు, మన తెలంగాణ జిల్లాల్లోనే కొలిచారు. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420 పల్లె ఇళ్లలో పరికరాలు పెట్టి కొలిచిన అధ్యయనం 2004లో అచ్చయింది. ఊపిరితిత్తుల లోతుకు పోయే ధూళి, 24 గంటల సగటు తీస్తే, గ్యాస్ మీద వండే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకలు కాల్చే ఇళ్లలో అది 732 దాకా పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూక్ష్మ ధూళికి పెట్టిన రోజు హద్దు 15, మన దేశం పెట్టుకున్న హద్దు 60. కొలిచిన పద్ధతిలో కొంత తేడా ఉంది కాబట్టి అంకెకు అంకె పోల్చకూడదు. అయినా దూరం ఎంతో మీకు తెలుస్తూనే ఉంది. ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది ఇంకొకటి. మగవాళ్లలో ఎక్కువ పొగ పీల్చినవాళ్లు 65 ఏళ్లు దాటిన ముసలివాళ్లు. వాళ్లు వండరు, ఊరికే ఇంట్లో ఉంటారు. అంటే పొయ్యి ముందు కూర్చోవడమే కాదు, ఇంట్లో ఎన్ని గంటలు ఉన్నామన్నది కూడా లెక్కకు వస్తుంది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ గంటలు ఉండేది ఇంకా నడక రాని బిడ్డ.

సారు: కొలతలు ఒప్పుకుంటాను, కొలవడం నా శాస్త్రమే. కానీ పొగ తగ్గితే పిల్లలకు మేలు జరిగిందా అన్నది వేరే ప్రశ్న. దానికి కూడా జవాబు వచ్చింది, అది మీకు అనుకూలంగా లేదు. తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో కలిపి 3,200 మంది గర్భిణులను తీసుకుని, సగం మందికి గర్భంతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా ఉచితంగా గ్యాస్ ఇచ్చి చూశారు. 2022లో, 2024లో ఫలితాలు వచ్చాయి. పుట్టినప్పటి బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు, నిమ్ములో తేడా లేదు, ఎదుగుదలలో తేడా లేదు. అంతకుముందు 2017లో మలావీలో పొగ తక్కువ వచ్చే పొయ్యిలు ఇచ్చి చూస్తే అక్కడా పిల్లలకు నిమ్ము తగ్గలేదు. శాస్త్రం మనకు నచ్చిన మాట చెప్పినప్పుడే దాన్ని వింటామా?

డాక్టరమ్మ: వినాల్సిందే. పిల్లల డాక్టర్లు అవి చదివి నిరాశపడ్డారు, నేను కూడా. ఆ నిరాశను దాచి గ్యాస్ ఇస్తే అన్నీ నయమవుతాయని చెబితే అది మోసం. ఆ పరీక్షల నుంచి నేను తీసుకున్నది ఇది. బరువు, నిమ్ము, ఎదుగుదల మూడూ తల్లి తిండితో, టీకాలతో, నీళ్లతో ముడిపడి ఉంటాయి. పొగ ఒక్కదాన్ని తీసేస్తే అవి కదలలేదంటే మిగతా కారణాలు ఎంత బలమైనవో తెలుస్తుంది. ఇంకోటి, తల్లులు పీల్చిన ధూళి గ్యాస్ ఇవ్వని ఇళ్లలో 70 దగ్గర ఉంటే, గ్యాస్ ఇచ్చిన ఇళ్లలో 24 దగ్గరికి దిగింది గాని అంతకన్నా కిందికి రాలేదు. పక్కింటి పొయ్యి, ఊరంతా కమ్మిన సాయంత్రపు పొగ మిగిలే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటుకు పెట్టిన హద్దు 5. మరి ఆస్తమా సంగతి? ఆ పరీక్షలు పెద్ద ఫలితాలుగా చూసిన వాటిలో అది లేదు. ఏడాది లోపు బిడ్డకు ఆస్తమా అని పేరు పెట్టడం కూడా కుదరదు. కాబట్టి అవి దమ్ము గురించి అవునని గాని కాదని గాని చెప్పలేదు.

ఇక్కడ రెండు సంగతులను కలిపేయకూడదు సార్. పొగ ఆస్తమాను పుట్టిస్తుందా అన్నది ఒకటి. ఉన్న ఆస్తమాను రేపుతుందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి కట్టెల పొగ విషయంలో మన దగ్గర ఉన్నవి పరిశీలనలు. పలు దేశాల్లో 5 లక్షలకు పైగా పిల్లలను అడిగి చేసిన ఐజాక్ సర్వే లెక్కలను 2013లో విప్పి చూస్తే, మంట పొయ్యి మీదే వండే ఇళ్ల పిల్లల్లో ఆస్తమా లక్షణాలు ఎక్కువ కనిపించాయి. ఆ ఇళ్లు పేదవి కూడా. పేదరికం వాటాను పూర్తిగా విడదీయడం కష్టం, కాబట్టి నేను దాన్ని రుజువు అనను, గట్టి అనుమానం అంటాను. కానీ రెండోదాని మీద నాకు అనుమానం లేదు. ఆస్తమా ఉన్న బిడ్డ గాలిగొట్టాలు అప్పటికే వాచి ఉంటాయి, చిన్న రాపిడికే ముడుచుకుంటాయి. పొగ తగిలితే ఆ ముడుచుకోవడం వెంటనే మొదలవుతుంది. రాత్రి పిల్లికూతలు, తెల్లవారుజామున దగ్గు, బడి మానడం, ఆసుపత్రి. ఆ బిడ్డకు పొగ లేని అర్ర మందులో భాగమే. మందు చీటీ మీద దాన్ని రాయలేను, అదే నా బాధ.

సారు: మరి గూడేల సంగతి చెప్పండి. పుట్టినప్పటి నుంచి పొగలో పెరిగే గోండు, కొలాం పిల్లల్లో కన్నా కరీంనగర్ అపార్ట్‌మెంట్లలో గ్యాస్ పొయ్యి, ఏసీ ఉన్న పిల్లల్లోనే ఆస్తమా ఎక్కువని అందరూ అంటారు. బయటి దేశాల్లో కూడా పశువుల మధ్య పెరిగిన రైతు పిల్లలకు ఆస్తమా తక్కువని తేలింది కదా. పైగా గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, అది కూడా దమ్ముకు మంచిది కాదని అమెరికాలో పెద్ద చర్చ నడుస్తోంది. ఒక చెడును తీసి ఇంకో చెడును తెచ్చినట్లు కాదా?

డాక్టరమ్మ: రైతు పిల్లల మాట నిజం. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అని రెండు సమాజాలున్నాయి. ఇద్దరి మూలాలూ, తిండీ దగ్గర దగ్గర. 2016లో అచ్చయిన అధ్యయనంలో ఆమిష్ బడిపిల్లల్లో నూటికి 5 మందికి ఆస్తమా ఉంటే, హట్టరైట్ పిల్లల్లో 21 మందికి ఉంది. ఆమిష్ వాళ్ల పశువుల కొట్టం ఇంటికి దగ్గర, పిల్లలు అక్కడే ఆడతారు. హట్టరైట్లవి యంత్రాలతో నడిచే పెద్ద క్షేత్రాలు. కాపాడినట్లు కనిపించింది కొట్టంలోని దుమ్ము, అందులోని సూక్ష్మజీవులు. పొగ కాదు. మన గూడెంలో కొట్టం ఉంది, ఆవు ఉంది, ఆ మేలు బిడ్డకు దక్కనివ్వండి. దానికి పొగను తోడు చేయాల్సిన పని లేదు. గూడెంలో దమ్ము తక్కువ అన్న మాట కూడా సగం మన రాతల్లోని లోపమే. బిడ్డ రొప్పుతూ వస్తే నిమ్ము అని రాస్తారు, యాంటీబయాటిక్ ఇస్తారు, మళ్లీ నెలకు అదే బిడ్డ అదే రొప్పుతో వస్తుంది. ఆస్తమా అన్న మాట ఎక్కడా ఎక్కదు. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో మన దేశం వాటా 13 శాతం దగ్గర, ఆస్తమా చావుల్లో 40 శాతానికి పైన. గుర్తించకపోవడం, ఇన్హేలర్ పెడితే అలవాటైపోతుందని భయపడటం, మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప మందు మింగిస్తే చాలనుకుని రోజు మందు ఆపేయడం, ఇవన్నీ ఆ తేడాలో ఉన్నాయి. గ్యాస్ సంగతి మీరు అన్నది సరే. కిటికీ తీసి వండమని గ్యాస్ ఇళ్లకు కూడా చెప్పాలి. కానీ పొగ అన్నిట్లో ఒకటే మోతాదు కాదు. కట్టెల పొయ్యికీ గ్యాస్ పొయ్యికీ ధూళిలో ఉన్న దూరం ఇందాకే చూశాం.

అపార్ట్‌మెంట్ల మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతాను, అక్కడ పొయ్యి లేదు గాని పొగ ఉంది. దోమల కాయిల్ ఒకటి పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. దాన్ని మనం రాత్రంతా, తలుపులు మూసి, పిల్లల మంచం కింద పెడతాం. పొద్దున ఊదుబత్తి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే స్నానం చేయించాక ఊదు పొగ.

సారు: అది కూడా వద్దంటారా? బాలింతకు, బిడ్డకు ఊదు వేయడం మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. అందులో ప్రేమ ఉంది. కాయిల్ మానమంటే ఏజెన్సీలో మలేరియా, ఊళ్లో డెంగీ. ఆదిలాబాద్ చలికాలం మీకు తెలుసు, సిర్పూర్, భీంపూర్ వైపు డిసెంబర్ రాత్రులు 5 డిగ్రీల దగ్గరికి పడిపోతాయి. ఆ ఇంట్లో నిప్పు వంటకే కాదు, బతకడానికి. పొగ తగిలితే కప్పుకు చెద పట్టదు, వేలాడదీసిన మక్క కంకులకు పురుగు పట్టదు. ఇన్ని పనులు చేసే నిప్పును దమ్ము ఒక్కదాని పేరుతో ఆర్పేయమంటే ఎవరు వింటారు?

డాక్టరమ్మ: ఆ ప్రేమను నేను తక్కువ చేయను సార్. ఒళ్లు ఆరబెట్టడానికి, వెచ్చదనానికి పెద్దవాళ్లు ఊదు వేశారు. మెత్తని తువ్వాలుతో తుడిచి, తల్లి ఒంటికి హత్తుకుని పడుకోబెడితే ఆ రెండూ దొరుకుతాయి. పుట్టిన నెలలో బిడ్డ గాలిగొట్టాలు చాలా సన్నగా ఉంటాయి, ఆ నెల మీద మాత్రం నేను రాజీ పడను. దోమకు దోమతెర ఉంది, అది మలేరియాను కాయిల్ కన్నా బాగా ఆపుతుంది. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి నిలవ నీళ్లు పారబోయాలి. చలి మాటే నిజంగా కష్టం. నిప్పు ఆర్పమని నేను అనను. వాకిట్లో చలిమంట వేసుకుని కాగడం వేరు, పొగగొట్టం లేని ఒంటి అర్రలో రాత్రంతా నివురు కింద మొద్దు పొగలడం వేరు. బెల్లంపల్లి, మందమర్రి వైపు బొగ్గు పొయ్యి పెట్టే ఇళ్లలో అది ఇంకా ప్రమాదం, మూసిన గదిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణమే తీస్తుంది. కంకులకు పొగ కావాలంటే వంట చూరును విడిగా పెట్టుకోవచ్చు. సర్కారు కట్టించే ఇంటి నక్షాలోనే వంటకు విడి చోటు, పైన పొగ పోయే దారి ఉండాలని నేను అడుగుతాను. ఇల్లు ఒకసారే కడతారు, అప్పుడు తప్పితే మళ్లీ ముప్పై ఏళ్లు.

కానీ సార్, మీరు మొదట న్యాయం అన్నారు. ఆ మాట మీదే నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పాలని ఉంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల్లో బీడీలు చుట్టే ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో ఆదిలాబాద్ అడవిలో తునికాకు కోస్తారు. అది కార్ఖానా మీదుగా మన అర్రలోకి వస్తుంది, దాంతోపాటు తంబాకు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన చాప మీద పసిబిడ్డ. తంబాకు నుసి గాలిలో లేస్తుంది, బట్టలకు అంటుకుంటుంది, అన్నం గిన్నె మీద పడుతుంది. అదే ఇంట్లో మగవాడు బీడీ కాల్చితే దాని పొగ అదనం. తల్లిదండ్రులు పొగ తాగే ఇళ్లలో బడి వయసు పిల్లలకు ఆస్తమా ఉండటానికి ఆ పొగ ఒక కారణమని 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. కట్టెల పొగ మీద అనుమానం అన్నాను, దీని మీద ఆ మాట వాడను. ఇక చట్టం చూడండి. 1966లో బీడీ కార్మికుల చట్టం చేశారు. పని జరిగే చోట గాలి ఆడాలని, శుభ్రంగా ఉండాలని, దుమ్ము పేరుకోకూడదని అందులో రాశారు. అదే చట్టం ‘పని జరిగే చోటు’ అన్నదాన్ని నిర్వచిస్తూ సొంత నివాసపు ఇల్లును మినహాయించింది. కార్ఖానాలో మగ కార్మికుడికి దక్కాల్సిన గాలి, ఇంట్లో చుట్టే ఆడమనిషికి, ఆమె బిడ్డకు దక్కలేదు. షెడ్డు కట్టే ఖర్చు, కిటికీ ఖర్చు, దుమ్ము ఖర్చు కంపెనీ లెక్కలోంచి తప్పుకుని ఆ అర్రలో పడ్డాయి. నేను తల్లి వైపు వేలు చూపడం లేదు. ఆ వేలు అటు చూపిస్తున్నాను.

సారు: ఆ చట్టం సంగతి ఒప్పుకోక తప్పదు. అయినా భయం చెబుతాను. ఇంట్లో పనే ఆమెకు స్వాతంత్ర్యం. వంట చూసుకుంటూ, పిల్లలను చూసుకుంటూ వెయ్యి బీడీలకు ఇంతని తెచ్చుకుంటుంది. గల్ఫ్ పోయిన మగవాడు పైసలు పంపని నెల ఆ కూలితోనే గడుస్తుంది. 2015 నుంచి సర్కారు బీడీ కార్మికులకు జీవనభృతి ఇస్తోందంటే ఆ పని ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇంట్లో చుట్టొద్దని రూలు పెడితే కంపెనీ షెడ్డు కట్టదు, పని ఇంకో రాష్ట్రానికి తీసుకుపోతుంది. అప్పుడు ఆ బిడ్డకు మంచి గాలి ఉంటుంది, పాలు ఉండవు.

డాక్టరమ్మ: అందుకే ఇంట్లో చుట్టొద్దని రూలు అడగడం లేదు. ఊరి మహిళా సంఘం భవనం పక్కన గాలి ఆడే షెడ్డు, అందులో పిల్లలకు విడి చోటు, ఖర్చు కంపెనీది. ఇష్టమున్నవాళ్లు అక్కడికి వస్తారు. రానివాళ్లకు మూతపెట్టే డబ్బా, వాకిట్లో కూర్చునే నీడ. బిడ్డ పడుకునే అర్రలో తంబాకు నిలవ ఉండకూడదన్న ఒక్క మాట. వెయ్యి బీడీల మీద పడే ఖర్చు పంచితే కంపెనీ పారిపోయేంత ఉండదని నా నమ్మకం. అది తప్పని వాళ్లే లెక్క చూపించి నిరూపించనీయండి. మిగతావి ఇంతకన్నా తేలిక. రాయితీ సిలిండర్లకు మూడేళ్ల సగటు షరతు తీసేయడం. గూడెం దుకాణంలో 5 కిలోల సిలిండర్ దొరకడం. నెలనెలా బిడ్డ బరువు చూసే అంగన్‌వాడీ టీచర్ అదే పుస్తకంలో ఇంకో రెండు గడులు నింపడం: బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, అక్కడ ఏం కాలుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్హేలర్ ఎప్పుడూ ఉండటం. ఇంటికి గ్యాస్ ఉందా అని అడగడం ఇక చాలు, ఎన్ని సిలిండర్లు తీసుకున్నారని అడగాలి.

సారు: మూడేళ్ల సగటు షరతు తీసేయమని అడిగే కాగితం మీద నేను సంతకం పెడతాను, అంగన్‌వాడీ గడుల మీద కూడా. రామగుండం బూడిద మీద రాసే కాగితంలో మీరూ పెట్టాలి. షెడ్డు విషయం మాత్రం నాకు ఇంకా మనసు ఒప్పడం లేదు. బీడీలు చుట్టేవాళ్లు ఏమంటారో వినకుండా మనిద్దరం తేల్చేది కాదు అది.

డాక్టరమ్మ: రామగుండం కాగితం తెండి, పెడతాను. షెడ్డు సంగతి వాళ్లనే అడుగుదాం సార్. ఇంట్లో చుట్టాలని ఉందా, లేక ఇంకో చోటు లేక చుట్టుతున్నారా అని కూడా అడుగుదాం. ఇప్పటిదాకా ఆ రెండో ప్రశ్న వాళ్లను ఎవరూ అడిగినట్లు లేదు.